ఆటకి వీపు పెట్టిన మనిషి

అద్దాల కొట్లో ఆయన్ని చూసినవాళ్ళు ఆయనకి మైకు మామ అనే పేరుందంటే నమ్మరు. పొద్దున వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కంబళి పరిచిన పెద్ద బల్ల ముందు నిలబడ్డాడంటే మధ్యాహ్నం దాకా నోట్లోంచి మాట ఊడిపడదు. అద్దం కొయ్యడం మాటలతో అయ్యే పని కాదు మరి. చిన్న చక్రం ఉన్న పెన్నుని కిరసనాయిలులో ముంచి, కొలబద్ద ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే గీత లాగాలి. గుడ్డ చింపినట్టు సన్నగా చప్పుడు రావాలి. మధ్యలో ఆ చప్పుడు తెగిందా, అద్దం తిక్క చూపిస్తుంది. గీత మీద గీత గీశామా, అద్దం పోయినట్టే, యజమాని తిట్లు మొదలైనట్టే. అందుకని ఆయన ఊపిరి బిగబట్టి గీస్తాడు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే కళ్ళతోనే కసురుతాడు. కొత్త గిరాకీలు కొందరు ఆయన మూగవాడనుకుని చేతులతో సైగలు చేసి కొలతలు చెప్పిన సందర్భాలున్నాయి. యజమాని అది చూసి పడీ పడీ నవ్వి, శనివారం సాయంత్రం స్టేడియానికి వెళ్ళి వినండి ఈ మూగాయన గొంతు అనేవాడు.

శనివారం సాయంత్రం అంటే ఫుట్‌బాల్ మ్యాచ్. స్టేడియంలో తూర్పు గ్యాలరీ చవక గ్యాలరీ, ఎండ తిన్నగా మొహాన కొడుతుంది. అక్కడ అన్నిటికంటే కింది వరసలో, ఇనప కమ్మీకి నడుం ఆనించి, ఆటకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడే మనిషి ఈయనే. సొంత జట్టు గోల్ తిని, గ్యాలరీ మొత్తం ఉలుకూ పలుకూ లేకుండా కూలబడిపోయినప్పుడు, ఈయన గుండెల నిండా గాలి పీల్చి ఒక కేక వేస్తాడు. "ఎవరిదిరా నేలా?" అని. వేలమంది ఒక్కసారి లేచి "మనదిరా నేలా!" అని బదులిస్తారు. కమ్మీ వణుకుతుంది. అవతలి జట్టు గోల్‌కీపరు బెదిరి తలెత్తి చూస్తాడు. ఆ గ్యాలరీ వాళ్ళు దీన్ని పిలుపు అంటారు. పిలవడం ఈయన పని. దానికి జీతం లేదు, భత్యం లేదు, పైగా లోపలికి వెళ్ళడానికి ఏటా సభ్యత్వం డబ్బు ఈయనే కట్టుకోవాలి.

"డబ్బు కట్టి మరీ ఆటకి వీపు పెట్టేవాడివి లోకంలో నువ్వొక్కడివేనయ్యా" అని భార్య ఎన్నిసార్లందో లెక్కలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒకసారి మ్యాచ్‌కి వెళ్ళింది. ఆట సాగినంతసేపూ మొగుడు తన వైపే తిరిగి నిలబడ్డాడు. అబ్బో, నా మీద ఎంత ప్రేమో అనుకుని మురిసిపోయింది పాపం. తర్వాత సంగతి తెలిసి తల బాదుకుంది, మళ్ళీ వెళ్ళలేదు.

ఆమె అనేదాంట్లో అబద్ధం లేదు. పిలవడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటిపోయినా ఆయన కళ్ళారా చూసిన గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన ఆటని ఎదుటి వరసల్లో ఎప్పుడూ కూర్చునే జనం మొహాల్లో చూసేవాడు. పోస్టుమాను కనుబొమలు పైకి లేచాయంటే బంతి మనవాళ్ళ కాళ్ళ దగ్గరున్నట్టు. గుడ్ల కొట్టు ఆవిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుందంటే అవతలివాళ్ళు మీదికొస్తున్నట్టు. బస్సు కండక్టరమ్మాయి కూర్చున్న చోటే పాదాలు ఎత్తి కొడుతోందంటే రిఫరీ అన్యాయం చేసినట్టు. అందరి నోళ్ళూ ఒక్కసారి తెరుచుకుని, అలాగే ఉండిపోయాయంటే బంతి కడ్డీకి తగిలి బయటికి పోయినట్టు. ఇంటికొచ్చాక టీవీలో చూసి, ఓహో వాడు ఎడంకాలితో కొట్టాడా అని తెలుసుకునేవాడు. దాంట్లో కొత్తగా చూసేదేముంది, మొహాల్లో చూసేశానుగా అనేవాడు.

పిలుపుకి ఒక పద్ధతి ఉంది. గెలుస్తున్నప్పుడు పిలవకూడదు, గెలిచేవాడికి మన గొంతుతో పనిలేదు. దెబ్బ తగిలి ఎవడైనా నేల మీద పడి ఉంటే, వాడు మనవాడైనా అవతలివాడైనా, పిలవకూడదు. ఒక మ్యాచ్‌లో రెండుసార్లు మించితే నీళ్ళు కలిపిన పాలల్లే పలచబడిపోతుంది. కొన్ని మ్యాచ్‌లకి అసలు అవసరమే పడదు. అలాంటి రోజున ఆయన గొంతు వాడకుండానే ఇంటికి తెచ్చుకునేవాడు. ఆ రాత్రి ఉప్పు అందుకోమని అడిగినా వీధి చివరిదాకా వినబడేది.

అన్నిటికంటే గట్టి పద్ధతి ఇంకొకటుంది. పిలిచే మనిషిని జనం ఎన్నుకోరు, క్లబ్బు పెట్టదు. వెళ్ళిపోయే మనిషి తన ఆఖరి మ్యాచ్ రోజున, గ్యాలరీలో అందరి ఎదుటా, తర్వాతి మనిషి వీపు మీద అరచెయ్యి వేస్తాడు. అంతే, ఇంకేమీ లేదు. ఆ చెయ్యి పడనిదే ఎంత గొంతున్నవాడైనా నోటికి తాళం వేసుకుని కూర్చోవలసిందే. ఈయన వీపు మీద చెయ్యి వేసింది బాయిలర్ తాత, అద్దకం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసిన ముసలాయన. అప్పటికి ఈయనకి పెళ్ళి కూడా కాలేదు. రెండు రెక్కల మధ్య ఆ చెయ్యి గరుగ్గా, వెచ్చగా పడేసరికి కేక తనంతట తనే బయటికొచ్చేసిందట. నేను పిలవలేదు, ఆయన నొక్కాడు, అది మోగింది అని చెప్పుకునేవాడు.

ఇలా ఉండగా క్లబ్బుకి కొత్త యాజమాన్యం వచ్చింది. వస్తూనే గోడలకి రంగులు వేయించారు, మరుగుదొడ్లు బాగుచేయించారు. అందరూ సంతోషించారు, ఈయన అందరికంటే ఎక్కువ సంతోషించాడు. మరుసటి ఏడు సభ్యత్వం రేటు కొంచెం పెరిగింది. పోనీలే, మరుగుదొడ్లకి అయ్యుంటుంది అనుకున్నారు. ఆ పైఏడు ఇంకాస్త పెరిగింది. పోస్టుమాను అప్పటికి రిటైరయ్యాడు, నా పెన్షను మీ మరుగుదొడ్లకి చాలదు బాబూ అని దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. ఈ ఏడు, వచ్చే సీజనుకల్లా తూర్పు గ్యాలరీలో సిమెంటు మెట్లు పీకి మెత్తటి కుర్చీలు వేస్తున్నామన్నారు. సభ్యత్వాలకి బంగారం, వెండి అని పేర్లు పెట్టారు. ఎండ మొహాన కొట్టే చవక గ్యాలరీ రాత్రికి రాత్రి వెండి అయి కూర్చుంది. వెండి కట్టాలంటే ఈయన రెండు నెలల జీతం ఒక్కసారే తెచ్చి పొయ్యాలి, వాయిదాలు లేవు.

కబురు ఫోన్‌లో వచ్చింది. "మన కుటుంబ సభ్యులకి" అని మొదలైంది. సొంత కుటుంబానికి బిల్లు పంపే కుటుంబాన్ని ఆయన అంతకుముందు ఎరగడు. బల్ల ముందు నిలబడి చివరిదాకా చదివాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, అల్మరా తలుపుకి కావలసిన అద్దం కొలిచి కోశాడు. గీత తిన్నగానే వచ్చింది. కోపం వస్తుందేమోనని సాయంత్రం దాకా ఎదురుచూశాడు. రాలేదు. ఏడుపైనా వస్తుందేమో అనుకున్నాడు, అదీ రాలేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు, అలా ఉంది ఆయనకి లోపల.

భార్య ఆస్పత్రిలో దుప్పట్లు మడిచే గదిలో పనిచేస్తుంది. ఏడాదిగా ఆమెకి ఎడమవైపు పళ్ళు లేవు, కుడివైపే నములుతోంది. పళ్ళు కట్టించుకోవడానికని జీతంలో కొంత విడిగా దాచుకుంటోంది. ఫోన్‌లో కబురు చూసిన రోజున ఆ డబ్బంతా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తీసుకెళ్ళి కట్టెయ్."

"మరి నీ పళ్ళో?"

"పోయినవి ఎలాగూ పోయాయి. ఉన్నవాటితో నమలడం నేను నేర్చుకున్నాను. పిలవకుండా ఉండటం నువ్వు నేర్చుకోలేవు."

ఆయన డబ్బు జేబులో పెట్టుకున్నాడు. వద్దనలేదు. మనలో మాట, వద్దనే ఉద్దేశం కూడా ఆయనకి లేదు. తగ్గింది కొట్టు యజమాని దగ్గర అప్పు తెచ్చుకుంటే సరి అని మనసులో లెక్క కూడా కట్టేసుకున్నాడు. ఇవాళ కడదాం, రేపు కడదాం అనుకుంటూ కొన్నాళ్ళు ఆ డబ్బుని జేబులో వేసుకుని తిరిగాడు. ఒకరోజు భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె రొట్టె ముక్కని నీళ్ళలో నానేసి, వేలితో మెదిపి, కుడి బుగ్గలోకి తోసుకుని, గోడవైపు తిరిగి నమిలింది. కొత్తగా చేసింది కాదు, రోజూ చేసేదే. వేలమంది మొహాలు చూసి ఆట మొత్తం చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్క మొహాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి. తిండి సహించలేదు. మర్నాడు పొద్దున్నే ఆమెని దంతాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, జేబులోంచి డబ్బు తీసి అక్కడ కట్టేశాడు.

ఆమె సంతోషించిందనుకుంటున్నారా? చిర్రెత్తుకొచ్చింది ఆమెకి. నిన్నెవరు అడిగారు, నేను ఏడ్చానా, దేబిరించానా అని దులిపేసింది. పళ్ళు కట్టించుకుని వచ్చాక కూడా, ఆ కొత్త పళ్ళే కొరుకుతూ, కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

సీజను ఆఖరి మ్యాచ్‌కి ముందు ఒక మధ్యాహ్నం ఆయన క్లబ్బు ఆఫీసుకి వెళ్ళాడు. ఏదైనా దారి ఉంటుందేమో అడుగుదామని. అంతకుముందు అక్కడ రేకుల గది, ఒక బల్ల, కళ్ళజోడు ముక్కు మీదికి జారిన గుమాస్తా ఉండేవాడు. ఇప్పుడు గాజు తలుపులు, చల్లటి గాలి, గోడనిండా ఆటగాళ్ళ ఫోటోలు. కౌంటరులో ఒక చిన్నమ్మాయి చక్కగా నవ్వి కూర్చోమంది. ఆ పిల్లని అనడానికేమీ లేదు, మర్యాదస్తురాలు. వాయిదాలు కుదరవని చెప్పడానికి నిజంగానే నొచ్చుకుంది. కంప్యూటర్లో ఈయన వివరాలు చూసి, మీరు చాలా పాత సభ్యులు సార్, మీ అభిమానానికి థాంక్స్ సార్ అని ఒక తాళాల గుత్తి రింగు చేతిలో పెట్టింది.

ఆయన ఆ రింగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అది సరేనమ్మా, మరి వచ్చే ఏడు పిలిచేదెవరు?"

"ఎవర్ని పిలవాలి సార్?" అంది ఆ పిల్ల.

దాన్ని కూర్చుని చెప్పడం ఎలాగో ఆయనకి తెలియదు, ఎప్పుడూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఏదో చెప్పబోయి, ఏం లేదులేమ్మా అని లేచి వచ్చేశాడు. బయటికొచ్చి ఎండలో నిలబడ్డాక మాత్రం ఆయన బుర్రలో ఒక ఆలోచన మొలిచింది. వీళ్ళకి పిలుపంటే ఏంటో తెలియదు, అది పోతే గానీ తెలియదు అనుకున్నాడు.

ఆఖరి మ్యాచ్ నాటికి ఆయన ఇక రాడని గ్యాలరీలో అందరికీ తెలిసిపోయింది. అందరూ ఆయన అరచెయ్యి కోసం చూస్తున్నారు. పడేది ఎవరి మీదో కూడా అందరికీ తెలుసు. కండక్టరమ్మాయి. రోజంతా కిక్కిరిసిన బస్సులో టికెట్, టికెట్ అని అరిచి కూడా సాయంత్రానికి గొంతు బొంగురుపోని మనిషి. పైగా ఎప్పుడు పిలవాలో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసిన మనిషి. వచ్చే ఏటికి వెండి సభ్యత్వం కూడా కట్టేసింది, ఎలా కట్టిందని అడక్కండి, ఆ తిప్పలు ఆమెవి. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని ఇదే గ్యాలరీకి వచ్చేది. ఈయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

ఆట ముగింపుకొచ్చేసరికి మనవాళ్ళు ఒక గోల్ వెనకబడి ఉన్నారు. ఈయన అప్పటికే ఒకసారి పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు, జనం ప్రాణం పెట్టి పలికారు, గుడ్ల కొట్టు ఆవిడైతే చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అప్పుడు కండక్టరమ్మాయి మెట్లు దిగి వచ్చి, చెప్పు సరిచేసుకునే నెపంతో ఆయన ముందు అటు తిరిగి నిలబడింది. వీపు నిటారుగా పెట్టింది. గ్యాలరీ మొత్తం చూస్తోంది.

ఆయన చెయ్యి ఎత్తాడు. ఎత్తి, మళ్ళీ దించి, జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకలా చేశాడో చెప్తాను, వింటే మీకు నవ్వొస్తుంది. తను చెయ్యి వెయ్యకపోతే వచ్చే ఏడు ఎవరూ పిలవరు. ఎవరూ పిలవకపోతే తూర్పు గ్యాలరీ నోరు పడిపోతుంది. నోరు పడిపోతే ఆ గాజు తలుపుల వాళ్ళకి అప్పుడు తెలుస్తుంది, మైకు మామ ఎక్కడ అని ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఇదీ ఆయన వేసుకున్న లెక్క. తూర్పు గ్యాలరీలో పుట్టి పెరిగినవాడు తప్ప భూమ్మీద ఇంకెవడూ ఇలాంటి లెక్క వెయ్యడు. ఈలోగా రిఫరీ ఈల వేశాడు, ఆట అయిపోయింది. కండక్టరమ్మాయి కాసేపు అలాగే నిలబడి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. పద్ధతి తప్పావు మైకూ అని వెనక వరసల్లోంచి ఎవరో అన్నారు. ఆయనకి వినబడింది.

మ్యాచ్‌లు లేని నెలలన్నీ ఆయనకి మామూలుగానే గడిచాయి. అద్దాలు కోశాడు. స్నానాల గదులకీ, దుకాణాల ముంగిళ్ళకీ, పెళ్ళివారి బీరువాలకీ కోశాడు. భార్య మళ్ళీ మాటలు కలిపింది. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానని చెప్పేవాడు, అది అబద్ధం కూడా కాదు, ఎలా ఉన్నాడో ఆయనకే తెలియదు. శనివారాలు మాత్రం కొట్లో అదనపు పని అడిగి చేసేవాడు. చేస్తూ చేస్తూ, సీజను మొదలవనీ, చూద్దాం అనుకునేవాడు. ఆయనకి ఆ ఒక్కటే ఆశ.

సీజను మొదటి మ్యాచ్ రోజు వచ్చింది. తూర్పు గ్యాలరీ గోడకి ఆనుకుని బయటివైపు ఒక పాత టైర్ల కొట్టుంది. లోపలికి వెళ్ళే స్తోమతు లేనివాళ్ళు అక్కడ టైర్ల మీద కూర్చుని, కొట్లో రేడియో వింటూ, గోడ దాటి వచ్చే గోలతో సరిపెట్టుకుంటారు. పోస్టుమాను అక్కడ అప్పటికే పాత కాపు. ఈయన్ని చూసి, రా బావా, ఇది ఇత్తడి గ్యాలరీ అని ఒక టైరు చూపించాడు. ఈయన కూర్చోలేదు. అలవాటు కొద్దీ గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా చూడటానికి మొహాలు లేవు, టైర్లున్నాయి.

కాసేపటికి లోపల ఒక మూలుగు లేచింది. మనవాళ్ళు గోల్ తిన్నారు. మూలుగు సద్దుమణిగింది. ఆ తర్వాత ఏమీ లేదు. అంతమంది జనం ఉండి కూడా పిట్ట ఎగిరిన చప్పుడు లేదు. ఆయన మొహం వికసించింది.

"విన్నావా?"

"ఏముంది వినడానికి? ఏమీ వినబడట్లేదు" అన్నాడు పోస్టుమాను.

"అదే వినమంటున్నాను."

నెలల తరబడి ఆయన ఎదురుచూసిన నిశ్శబ్దం అది. చెప్పుకోవడానికి సిగ్గుగానీ, ఆ క్షణాన ఆయనకి పట్టరానంత ఆనందం కలిగింది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటున్నాడు. ఇంతలో గోడ మీది స్పీకర్లు గరగరమన్నాయి. వాటిలోంచి, వీధి వీధంతా వినబడేలా, ఒక గొంతు లేచింది.

"ఎవరిదిరా నేలా?"

పోస్టుమాను టైరు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "బావా, అది నువ్వే కదరా!"

ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఏం చెయ్యను, ఆయనే మరిచిపోయాడు. రెండేళ్ళ కిందట, క్లబ్బు గురించి ఏదో ఫిల్ము తీస్తున్నామని ఇద్దరు కుర్రాళ్ళు ఒక మధ్యాహ్నం ఆయన్ని ఖాళీ స్టేడియంలోకి తీసుకెళ్ళి, బొచ్చు తొడిగిన మైకు ముందు నిలబెట్టారు. జనం లేకపోతే రాదు నాయనా అన్నాడు ఈయన. ఒక్కసారి ప్రయత్నించండి అన్నారు వాళ్ళు. ఈయన ఖాళీ మెట్ల వైపు తిరిగి, మొహాలన్నీ అక్కడే ఉన్నట్టు ఊహించుకుని, తన జన్మలో అంత బాగా ఎప్పుడూ పిలవలేదనిపించేలా పిలిచాడు. వాళ్ళు ఒక టోపీ ఇచ్చి పంపారు. ఆ ఫిల్ము ఎప్పుడూ రాలేదు, ఈయనా మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అదే కేక స్పీకర్లలోంచి వచ్చింది. జనం ఏం చేస్తారు? పాతవాళ్ళు అలవాటు కొద్దీ లేచారు, కొత్తవాళ్ళు వాళ్ళని చూసి లేచారు. "మనదిరా నేలా!" అన్నారు అందరూ. గోడ వణికింది, ఆ వణుకు ఆయన వీపుకి తగిలింది. దాని వెనకే స్పీకర్లలో నీళ్ళు కాచే హీటరు ప్రకటన వచ్చింది.

ఆ తర్వాత అది ఆగలేదు. మనవాళ్ళు గోల్ వేసి సమం చేస్తే స్పీకర్లలో ఆ కేక వేశారు. ఇంకో గోల్ వేసి ముందుకెళ్తే వేశారు. అవతలి కుర్రాడు మోకాలు పట్టుకుని నేల మీద పడి ఉన్నాడని రేడియోలో చెప్తుండగానే వేశారు. ప్రతిసారీ జనం పలికారు. ఒకసారి కూడా తడబడలేదు. ఆయన పాతికేళ్ళపాటు పట్టుకు వేలాడిన పద్ధతులన్నీ ఆయన గొంతే ఒక్క సాయంత్రంలో తుంగలో తొక్కేసింది. మనవాళ్ళు గెలిచారు. గ్యాలరీ భలే ఊపు మీదుందని రేడియోలో మెచ్చుకున్నారు.

పోస్టుమాను బూతులు లంకించుకున్నాడు. కేసు వెయ్యాలన్నాడు, పేపరు వాళ్ళకి చెప్పాలన్నాడు, ముందు వెళ్ళి ఆ స్పీకరు వైర్లు కోసెయ్యాలన్నాడు. ఈయన మాత్రం గోడకి ఆనుకునే ఉన్నాడు. తనకి బాధగా ఉందా అని లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. కేక బాగుంది అనిపించింది, అంతే. నిజంగానే బాగుంది.

జనం బయటికి రావడం మొదలైంది. అందులో కండక్టరమ్మాయి ఈయన్ని చూసి తిన్నగా దగ్గరికొచ్చింది. ఆమె మొహం కడిగినట్టు తెల్లగా పాలిపోయి ఉంది.

"గోల్ పడ్డాక అందరూ నా వైపే చూశారు బాబాయ్. కేక ఇక్కడిదాకా వచ్చింది" అని గొంతు పట్టుకు చూపించింది. "మీ చెయ్యి పడలేదు కదా అని మింగేశాను. నేను మింగిన ఆ కాసేపట్లోనే వాళ్ళు మీ గొంతు వేశారు."

తను గోడకి ఇవతల నిలబడి మురిసిపోయిన నిశ్శబ్దం ఈ పిల్ల అక్కడ నోరు కట్టేసుకుని నిలబడటమేనని అప్పటికి గానీ ఆయనకి తట్టలేదు. అప్పుడు సిగ్గు వేసింది. నెలల తర్వాత ఆయనకి తెలిసిన మొదటి నొప్పి అదే.

"నువ్వు కూడా బదులు చెప్పావా?" అని అడిగాడు.

"చెప్పాను. మీ గొంతు కదా బాబాయ్, చెప్పకుండా ఎలా ఉంటాను?"

తర్వాత ఆమె ఆ వీధిలోనే, వచ్చేపోయే జనం మధ్య, అటు తిరిగి నిలబడింది. వీపు నిటారుగా పెట్టింది. ఇప్పుడైనా వెయ్యండి అంది. పోస్టుమాను కూడా వెయ్యరా అన్నట్టు మోచేత్తో పొడిచాడు.

ఆయన చెయ్యి ఎత్తలేదు. ఈసారి అడ్డమొచ్చింది బింకం కాదు. చెయ్యి వేస్తే వచ్చే శనివారం ఈ పిల్ల పిలుస్తుంది. స్పీకర్లూ పిలుస్తాయి. ఈమె గొంతు ఎంత పెద్దదైనా ఒక మనిషి గొంతు, గోడకి కట్టిన స్పీకర్లు డజను. ఈమె నోరు తెరిచిన ప్రతిసారీ పైనుంచి తన గొంతే పడి అణిచేస్తుంది. జనం దేనికి పలకాలో తెలియక నవ్వుకుంటారు. బాయిలర్ తాత తనకి అప్పజెప్పింది ఇలా అప్పజెప్పేది కాదు. వెయ్యాల్సిన రోజున వెయ్యలేదు, ఆ రోజు ఇక రాదు.

"వద్దమ్మా" అన్నాడు.

ఆమె ఇటు తిరిగి, సరే బాబాయ్, నాకు డ్యూటీ టైమైంది అని చెప్పి బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయింది.

ఆయన ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. భార్య అన్నం వార్చి, కంచాలు సర్దుతోంది. పగలంతా ఆమె మనసు కూడా స్టేడియం చుట్టూనే తిరిగింది, పైకి మాత్రం బింకంగా ఉంది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. ఇక ఆగలేక అడిగింది.

"ఇంతకీ ఇవాళ ఎవరు పిలిచారు?"

"నేనే."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నువ్వా? బయటి నుంచా?"

"కాదు, లోపలి నుంచే. అందరూ పలికారు."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన మొహంలోకి వంగి చూసింది, అక్కడా ఏమీ కనబడలేదు. ఆయన కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు.